నలుగు నాడు సంజన

బోధన్‌లో ఉండే సంజన జాకెట్టును లోపలిది బయటికి తిప్పి తొడుక్కుంటుంది. కుట్లు ఒంటికి తగిలితే ముళ్లు గుచ్చినట్టుంటుంది. బస్సులో సీటున్నా, పక్క మనిషి మోచెయ్యి ఆనుతుందని నిలబడే పోతుంది. పలకరింపుగా ఎవరైనా భుజం నిమిరితే ఉలిక్కిపడి దూరం జరుగుతుంది. ఇవి ఆటిజం లక్షణాలని నిజామాబాద్ డాక్టరు చెప్పినా, చుట్టాలు మాత్రం పొగరనే అంటారు.

పెండ్లికి ముందు నలుగు పెట్టే రోజు, పీట మీద కూర్చున్న ఆమె మీదికి ఆడవాళ్ల చేతులన్నీ పసుపుతో ఒక్కసారే వచ్చాయి. వేళ్లు చెంప మీద పాకగానే సంజన గిన్నెను తోసేసింది. పసుపంతా కాబోయే అత్త పుష్పలత చీర మీద చిందింది. నలుగు పాట ఆగిపోయింది. "ఇంక గీ లగ్గం అయితదా?" అని వెనక ఎవరో గొణిగారు. సంజన నానమ్మ భూమవ్వ చేతులు జోడించబోయింది. పుష్పలత ఆమెను ఆపి, పీట ముందు కూర్చుంది. "ఎట్ల పెట్టాలె బిడ్డా? నువ్వే చెప్పు." సంజన నేల చూపులు చూస్తూ ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "మెల్లగ రాస్తే మంటలేస్తది. అరచెయ్యి మొత్తం ఆనిచ్చి గట్టిగ ఒత్తుండ్రి. జరసేపు తియ్యకుండ్రి." పుష్పలత అరచేతికి పసుపు అద్దుకుని ఆమె ముంజేతిని అట్లాగే ఒత్తి పట్టుకుంది. బిగుసుకుపోయిన భుజాలు మెల్లగా దిగాయి. కాసేపటికి సంజన రెండో చెయ్యి తనే ముందుకు చాపింది.