నడిమిల్లు వెతికిన మనిషి

మా ఎదురింటి లెక్కలాయన పోయారు. కబురొచ్చేటప్పటికి నేను టీ కొట్టు దగ్గర ఆయన కోసమే కూర్చుని ఉన్నాను. కొట్టువాడు అలవాటుగా చక్కెర లేని టీ పోసేశాడు. ఇద్దరం ఆ గ్లాసు వంక కాసేపు చూశాం. చివరికి నేనే తాగాను. ఆయనుంటే దండగ చెయ్యనిచ్చేవారు కాదు.

ఆయన గణాంకాల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అద్దంకి, దర్శి వైపు పల్లెలు తిరిగి ఏ ఇంటికి ఎంత రాబడో రాయడం ఆయన ఉద్యోగం. తిరగడానికో స్కూటరు ఉండేది. దానికి బ్రేకు తక్కువ. ఊరి మొదట్లో నొక్కితే ఊరి చివర ఆగేది. సర్వే ఎప్పుడూ చివరి ఇంటి నుంచి మొదలయ్యేది అందుకేనని మా అనుమానం. సరే, అసలు సంగతికొస్తాను.

ఆయన రిటైరై ఊరొచ్చిన కొత్తలో అడిగాను: “ఇన్నేళ్ళు మా రాబళ్ళు రాశారు కదండీ, ఇంతకీ మనవాళ్ళు బాగుపడ్డారా?”

“సగటు అడుగు, చెప్తాను. బాగుపడ్డారా అంటే తెలీదయ్యా,” అన్నారు. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, “తెలుసుకుంటాను,” అన్నారు. మిగిలిన జీవితమంతా ఆ ఒక్క మాట మీదే గడిపారు.

సగటుతో తంటా ఏమిటో నాకు ఇలా చెప్పారు. మార్టూరులో గ్రానైటు ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన మా ఊళ్ళో మేడ కట్టాడు. సగటు తీస్తే ఆ లాభంలో కాస్త నా జేబులో కూడా ఉన్నట్టే. నేను తడుముకు చూశాను, చుట్టముక్క తప్ప ఏమీ లేదు. అందుకని ఇళ్ళన్నిటినీ రాబడి ప్రకారం వరసలో పెట్టి, సరిగ్గా నడుమ నిలిచే ఇంటిని చూడాలన్నారు. సగం ఊరు దానికి పైన, సగం ఊరు కింద. ఆ నడిమిల్లు పైకొస్తే ఊరు పైకొచ్చినట్టు.

కానీ తన రాబడి నిజం చెప్పేవాడు మా వైపు ఎక్కడున్నాడు? తెల్లకార్డు పోతుందని సర్వేవాళ్ళకి తగ్గిస్తాం, పిల్లకి సంబంధం కుదరాలని వియ్యంకుడికి పెంచుతాం. ఆయన అందుకు తగ్గ ఉపాయం పట్టారు. ఎవరినీ సొంత రాబడి అడగరు. టీ కొట్టు దగ్గర కూర్చుని, “నీ పక్కింటాయన ఎవరికంటే పైన, ఎవరికంటే కింద?” అంటారు. అంతే, కొట్టంతా ఒక్కసారి నోరు విప్పేది. పక్కవాడి సంగతి మాకు ఎంత బాగా తెలుసో నాకు అప్పుడే తెలిసింది. అలా వరస తేలాక నడిమి ఇంటికి మాత్రం స్వయంగా వెళ్ళేవారు.

కిందటేడూ, అంతకు ముందేడూ నడుమ నిలిచింది సుబ్బారావు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను.

“నేను నడిమివాణ్ణేంటండీ! కౌలు రైతుని. అడుగున రాసుకోండి,” అని కేకలేశాడు.

లోపల్నుంచి వాళ్ళావిడ, “అడుగున రాస్తే మా అన్న ముందు తలెక్కడ పెట్టుకోను? నడిమే ఉంచండి బాబాయిగారూ!”

“సర్లేమ్మా. కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీల మిరపకాయ పెట్టారు?”

“అది రాబడెలా అవుద్దండీ? అమ్మితే కదా!” అన్నాడు సుబ్బారావు.

“నీ కాయేగా?”

“నా కాయే.”

“ఈ ఏడు పండిందేగా?”

“పండిందే.”

“మరి రాయనియ్యి.”

మా వైపు పొరపాటంతా అక్కడే. చల్లటి గదిలో టిక్కీలు, అంటే బస్తాలు, కట్టి దాచిన పంటని ఎవరూ రాబడి అనుకోరు. అమ్మిన ఏడు రెండు పంటలూ ఒకేసారి కలిసొచ్చి, ఉన్నట్టుండి ధనవంతులమైపోతాం. పైగా మిరప నమ్మదగిన పైరు కాదు. ఒక ఏడు రేటొస్తుంది, ఇంకో ఏడు తామరపురుగు తినేస్తుంది. “మూడేళ్ళు కలిపి చూడాలయ్యా. ఒక్క ఏడు చూసి సంబరపడకూడదు, ఏడవకూడదు,” అనేవారు. రూపాయిల్నీ ఊరికే నమ్మేవారు కాదు. నడిమింటి రాబడికి ఎన్ని బస్తాల బియ్యం వస్తాయో చూసి, తన ఉద్యోగం కొత్తలో ఎన్ని వచ్చేవో పక్కన పెట్టుకునేవారు.

రెండేళ్ళు చూశారు. మూడో ఏడు వరస కూడా మొన్ననే టీ కొట్టు దగ్గర తేలింది, మళ్ళీ సుబ్బారావే. వాళ్ళింటికి వెళ్ళి అడగడం ఒక్కటే మిగిలింది. ఇంతలో ఆయన వెళ్ళిపోయారు.

పెద్దకర్మ నాడు సుబ్బారావు కల్లం నుంచి నేరుగా వచ్చాడు. వాడు అడుగు పెట్టగానే మిరప ఘాటుకి ఇల్లంతా తుమ్ములు. దండ వేసిన ఫొటో ముందు నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఫొటోలో ఆయన చెవి దగ్గర ఏదో చెప్పాడు. ఎన్ని టిక్కీలో నాకు వినపడలేదు.

తర్వాత మాత్రం పైకే అన్నాడు: “మూడేళ్ళూ కలుపుకుంటే పైకే వచ్చామండీ.”

వాడు భోజనానికి వెళ్ళాక చూశాను. ఫొటో అద్దం మీద, ఆయన చెవి పక్కనే, ఎర్రటి వేలిముద్ర ఒకటి ఉంది. ఇంట్లోవాళ్ళు ఇంకా దాన్ని తుడవలేదు.