సైలెన్సర్ ఆరబెట్టే హాటిబు

మా హాటిబు సాధించిన మొదటి ఘనవిజయం ఇమాముగారి బండి సైలెన్సర్. పాత ఇనుము కొనేవాడు దాన్ని అప్పటికే తక్కెడలో పెట్టేశాడు. హాటిబు అడ్డం పడి, తక్కెడలోంచి లాక్కుని, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. కిరసనాయిల్లో నానబెట్టాడు. ఇనుప బ్రష్షుతో తోమి, ఉప్పుకాగితంతో రుద్ది, చిల్లుల మీద రేకులు అతికించి, నల్లరంగు పూసి, నిప్పుల మీద కాచాడు. రంజాను పండగనాడు ఇమాముగారి బండి పిల్లిలా వచ్చి మసీదు ముందు ఆగింది. మెట్ల మీద కూర్చుని ఇమాముగారి గురించే మాట్లాడుకుంటున్న ఇద్దరు పెద్దమనుషులు, బండి వచ్చిన సంగతి తెలియక నిలువునా దొరికిపోయారు.

ఆ రోజు నుంచి హాటిబుకి లోకంలో ఒక్కటే శత్రువు. తుప్పు. అదీ సైలెన్సర్‌కి పట్టే తుప్పు. మోటార్ సైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుని కిరాయికి తిప్పడం వాడి వృత్తి, కానీ ఆ వృత్తి తుప్పుతో యుద్ధానికి అడ్డం రాకుండా చూసుకునేవాడు. మనుషులు ఎదురైతే ముందు సైలెన్సర్‌ని పలకరించి, తీరిక దొరికితే మనిషిని పలకరించేవాడు. సముద్రం ఒడ్డునున్న మా పంగాని రేవులో ఆ యుద్ధం చేయడం మాటలు కాదు. గాలి పీలిస్తే గొంతు ఉప్పగా ఉంటుంది. దానికి తోడు మా కుర్రాళ్ళు చేపల బుట్టలు వెనక కట్టుకుపోతారు, ఆ ఉప్పునీళ్ళన్నీ కారేది సైలెన్సర్ మీదే.

"బకారీ, నీ బండి దగ్గుతోందిరా," అనేవాడు.

"దగ్గడం కాదు పెద్దాయనా, పాడుతోంది," అనేవాడు బకారి. మా కిరాయి బళ్ళ స్టాండులో నోరున్న కుర్రాడు వాడే.

"లోపల నీళ్ళు నిలిచాయి. అడుగున చిన్న చిల్లు ఉంటుంది చూడు. పూడిపోయుంటుంది, పుల్ల పెట్టి పొడువు."

"మా అత్త కూడా వారం నుంచీ దగ్గుతోంది. ఆవిడకెక్కడ పొడవమంటావు?"

స్టాండంతా నవ్వేది. హాటిబు మాత్రం నవ్వకుండా వంగి, తనే పుల్ల పెట్టి పొడిచి, మురికినీళ్ళు కారేదాకా అక్కడే కూర్చునేవాడు. ఆ నీళ్ళని వేలితో తీసి అందరికీ చూపించేవాడు, పాము కోర తీసి చూపించినట్టు.

వాడికో సిద్ధాంతం ఉంది. పైన పట్టే తుప్పు కనబడుతుంది, తుడుస్తాం. లోపల పట్టేదే చంపుతుంది. కొద్ది దూరాలే తిప్పితే సైలెన్సర్ సగమే కాగుతుంది, లోపలి ఆవిరి నీళ్ళై అక్కడే కూర్చుంటుంది. అది ఆరాలంటే బండిని దూరం తోలాలి. అంచేత రేవు దగ్గర ఎక్కి బజారులో దిగాల్సినవాడు కూడా కొబ్బరితోటలు, కిత్తనార తోటలు అన్నీ చూసి గాని బజారు చేరేవాడు కాదు.

"హాటిబూ, నాకు కోర్టులో సాక్ష్యం ఉందయ్యా!"

"ఉండనీ, పోదాం. ముందు ఇది ఆరనీ."

ఆ సాక్షి కోర్టు చేరేసరికి వాది ప్రతివాదీ రాజీపడిపోయి, ఒకే చెంబులోంచి అల్లం కాఫీ పోయించుకు తాగుతున్నారు. ఆ రాజీ కూడా తన సైలెన్సర్ పుణ్యమేనని హాటిబు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక్కడ నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను చదివింది ఊరిబడిలో నాలుగు తరగతులు. అయినా రేవు స్టాండుకి ఛైర్మన్‌ని. రేకుల పందిరి వేయించింది నేను. ముందొచ్చినవాడికి ముందు కిరాయి అని వరుస పెట్టింది నేను. జిల్లా అధికారి ముందు కాగితం చూడకుండా మాట్లాడి, ఆయన చేత తల ఊపించింది నేను. వీటన్నిటినీ మించినది ఉచిత సవారీ నిషేధం. ఒకడు మొహమాటానికి ఊరికే ఎక్కించుకుంటే పక్కవాడి పొయ్యి ఆరిపోతుంది. అలా ఎక్కించుకుంటూ దొరికినవాడు చేపల బుట్టలు దించే వేళకి రేవంతా ఊడవాలి. ఆ వాసన తెలిసినవాడు రెండోసారి తప్పు చేయడు.

ఒకరోజు బకారి వచ్చి, హాటిబు ఎవరినో ఊరికే తిప్పుతున్నాడని ఫిర్యాదు చేశాడు. పిలిపించాను.

"అది సవారీ కాదు ఛైర్మన్ గారూ, బరువు," అన్నాడు హాటిబు.

"బరువేమిటి?"

"వెనక బరువుంటే ఇంజను కష్టపడుతుంది. ఇంజను కష్టపడితేనే సైలెన్సర్ బాగా కాగుతుంది."

"అయితే ఇసక బస్తా పెట్టుకో."

"ఇసక తడి పీలుస్తుందండీ. తడి చూస్తే నాకు అన్నం సయించదు."

తుప్పు విషయంలో వాడితో వాదించి గెలిచినవాడు ఈ తీరాన లేడు. వదిలేశాను.

మొన్న మార్చి చివర, మా తీరాన పెద్ద వానలు మొదలయ్యే ముందు హాటిబు రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. టాంగా పట్నం ఆసుపత్రిలో ఒక కంటికి ఆపరేషన్ చేసి, అది మానాక రెండోదానికి చేస్తామన్నారు. నెల దాటుతుంది. వానాకాలంలో బండిని ఎవరికి అప్పగించాలా అని ఊరంతా వెతికి, చివరికి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రోజూ పొద్దున్నే తీయాలి. ఉప్పుమడుల మలుపు తిరిగి, అటునుంచి వైద్యశాల దాకా. అక్కడ ఆపి, పూర్తిగా చల్లారాకే వెనక్కి. ఒక్కరోజు కూడా మానకూడదు ఛైర్మన్ గారూ."

"వాన పడితే?"

"గొడుగేసుకుని తోలండి. మానితే మాత్రం అంతా పోతుంది."

"ముందు నీ కన్ను సంగతి చూసుకోవయ్యా."

"కన్నుకి తుప్పు పట్టదు గదండీ," అని బస్సెక్కాడు. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి తల బయటపెట్టి, "మలుపు మరిచిపోకండి!" అని అరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న మాట ప్రకారం బయల్దేరాను. ఉప్పుమడుల మలుపులో వేగం తగ్గించేసరికి, చూరు కింద కూర్చున్న ఒకావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి, మాటా పలుకూ లేకుండా వెనక ఎక్కి కూర్చుంది. చూస్తే బి సివేమ; 'బి' అంటే మా వైపు 'అమ్మగారు' అన్నట్టు.

ఆవిడ తాటాకు చాపలు అల్లుతుంది. చక్కెర జబ్బు. పాదానికి పుండు పడి, రోజూ కట్టు మార్చకపోతే కాలే తీసేయాలన్నారని ఊళ్ళో చెప్పుకోగా విన్నాం. స్టాండు తరఫున చందా వేసి తీసుకెళితే, "కట్టుకున్నవాడి దగ్గరే చెయ్యి చాపలేదు, మీ దగ్గర చాపుతానా?" అని కర్ర ఎత్తింది. పరుగెత్తినవాళ్ళలో నేను ముందున్నాను. ఆ తరవాత ఆకు పసర్లు వేసుకుని బండి లాగిస్తోందనుకున్నాం.

"దిగమ్మా, ఇది కిరాయి బండి కాదు," అన్నాను.

"తెలుసు. నేను బరువుని," అంది.

"ఏమిటీ?"

"హాటిబు చెప్పలేదూ? నేను కూర్చోకపోతే ఆ గొట్టానికి తుప్పు పడుతుందట. ఏడాదై కూర్చుంటున్నాను. నడుం విరిగిపోతోంది, ఏం చేస్తాం, పాపం, పెళ్ళాం పోయినవాడు. వాడికున్నది ఆ గొట్టం ఒక్కటే. పోనీ, నెమ్మదిగా పోనీ."

వైద్యశాల ముందు దిగి, "నువ్వు గొట్టం చల్లార్చుకో. ఊరికే నిలబడ్డం ఎందుకు, లోపలికి పోయి కాలికి కట్టు మార్పించుకొస్తా," అని వెళ్ళిపోయింది.

నేను అక్కడే, ఆ వాన తుంపర్లో, సైలెన్సర్ వంక చూస్తూ నిలబడిపోయాను. బుసబుసమని ఆవిరి కక్కుతోంది. ఏడాదిగా తనే హాటిబుకి సాయం చేస్తున్నాననుకుంటోంది ఆవిడ, నిజానికి ఆవిడకి సాయం చేస్తున్నది హాటిబు. నేను నోరు జారితే ఆ సాయమూ పోతుంది, ఆవిడ కాలూ పోతుంది. జిల్లా అధికారి ముందు లేని భయం నాకు అప్పుడు పట్టుకుంది. ఎందుకంటే నోరు మూసుకోవడం అనే విద్య మా ఊరిబడిలో నేర్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు స్టాండు ముందు నుంచే రావాలి.

"ఛైర్మన్ బాబాయ్! ఉచిత సవారీ!" అని కేక పెట్టాడు బకారి. "చీపురు ఎక్కడుందో తెలుసా, చూపించమంటావా?"

"సవారీ కాదురా, బరువు!" అన్నాను. నా గొంతు హాటిబు గొంతులాగే వినబడింది.

రోజూ సాయంత్రం టాంగా నుంచి ఫోను. "తోలారా? మలుపు తిరిగారా? బరువు పెట్టారా?" పెట్టానంటే అవతల పెద్ద నిట్టూర్పు. ఒకరోజు గాలివానకి ఆలస్యమైతే, ఫోను నాలుగుసార్లు మోగింది.

వాడి మొదటి కంటికి కత్తి పడ్డ రోజే ఇక్కడ కొంప మునిగింది. మలుపు దాటగానే వెనక డబ్బా పగిలినట్టు చప్పుడు. రెండు పక్కల ఇళ్ళలో కోళ్ళు ఎగిరిపోయాయి. దిగి చూస్తే సైలెన్సర్ అడుగున బొటనవేలు దూరేంత చిల్లు.

బి సివేమ కూడా వంగి చూసింది. "హమ్మయ్య, పోయిందిగా," అంది తేలికపడి. "పోయినదానికి ఇంక ఆరబెట్టేదేముంది? రేపట్నుంచి హాయిగా చాపలల్లుకుంటా."

తుప్పంటే హాటిబు ఎందుకంత హడలిపోతాడో ఆ క్షణంలో ఒళ్ళంతా తెలిసింది.

"పోలేదమ్మా! రేపటికి బాగవుతుంది. నువ్వు సిద్ధంగా ఉండు," అని ఆవిణ్ణి దించి, ఊరు దద్దరిల్లే చప్పుడుతో స్టాండు చేరి, హాటిబుకి ఫోను చేశాను. కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. చిల్లు పడిందని చెప్పగానే ఏడుస్తాడనుకున్నాను. వాడు చిల్లు ఎంతని అడగలేదు.

"ఆవిడేమంది?" అన్నాడు.

చెప్పాను. వెంటనే రిపేరు చెప్పడం మొదలుపెట్టాడు: బోల్టులు బిగుసుకుపోయి ఉంటాయి, కిరసనాయిలు పోసి ఆగండి, బలవంతం చేస్తే విరుగుతాయి. చిల్లు చుట్టూ గోకండి. పొరలుగా రాలిపోయేదంతా కోసి పారేయండి, గట్టి ఇనుము తగిలేదాకా మొహమాటపడొద్దు. పల్చటి డబ్బా రేకు వేయొద్దు, కాలిపోతుంది.

బకారి ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, అంతా విన్నాడు. వాడు ఈసారి జోకు వేయలేదు. వెళ్ళి తన పాత బండి సైలెన్సర్ కోసి, మందపాటి ముక్క తెచ్చాడు. వెల్డింగు షాపులో కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. కరెంటు వచ్చిన కాసేపట్లో అతుకు వేయించి, ఒక కొస గుడ్డతో మూసి, సబ్బునీళ్ళు రాసి, రెండో కొసలోంచి బకారి బుగ్గలు పగిలేలా ఊదాడు. ఒకచోట బుడగ వచ్చింది. మళ్ళీ అతికించాం. ఈసారి రాలేదు. వేడికి ఆగే నల్లరంగు పూశాక ఆరబెట్టడానికి ఎండ ఏదీ? కాఫీ అమ్మేవాడి బొగ్గుల కుంపటి లాక్కున్నాం. ఆ సాయంత్రం రేవులో కాఫీ తాగినవాళ్ళందరికీ రంగు రుచి తగిలింది గాని, నా మొహం చూసి ఎవరూ నోరెత్తలేదు.

మర్నాడు బండి తీస్తే చప్పుడు లేదు. కాని మలుపు దగ్గర చూరు కింద కూడా ఎవరూ లేరు. హారన్ కొట్టాను. తలుపు మూసే ఉంది. ఇంకోసారి కొట్టాను. లోపల తాటాకు చీలుస్తున్న చప్పుడు ఆగింది. చాలాసేపటికి కర్ర చప్పుడు వినబడింది.

ఆవిడ వచ్చి, వంగి, అతుకుని వేలితో తడిమింది.

"నున్నగా లేదు. హాటిబు అయితే ఇలా వదలడు," అని ఎక్కి కూర్చుంది.

వైద్యశాలలో ఆ రోజు నన్నూ లోపలికి రమ్మంది. నర్సమ్మ కట్టు విప్పింది. పుండు అంచులు దగ్గరికొచ్చి, నడుమ ఎర్రటి కొత్త చర్మం. నర్సమ్మ మొహం విప్పారింది.

"నర్సమ్మా," అంది బి సివేమ, ఎటో చూస్తూ, "మా హాటిబు గొట్టానికి ఇంకా ఎన్నాళ్ళు బరువు కావాలంటావు?"

నర్సమ్మ బండి వంక చూడనే లేదు. పాదాన్నే అటూ ఇటూ తిప్పి, "ఇంకో రెండు నెలలు పట్టొచ్చమ్మా," అంది.

"అంతేనా," అని బి సివేమ నా వైపు తిరిగింది. "ఏమయ్యా ఛైర్మనూ, అలా నోరు తెరుచుకు చూస్తావేం? నాకేం తెలియదనుకున్నావా? హాటిబుతో మాత్రం అనకు, నొచ్చుకుంటాడు. రెండో కన్ను కూడా పూర్తిగా బాగయ్యాకే రమ్మను. అందాకా నీ తోలుడు భరిస్తాలే."

నేను అనలేదు. ఛైర్మన్‌గా నా విజయాల్లో దీన్ని అన్నిటికంటే పైన రాసుకున్నాను. రెండో కంటికి కూడా కత్తి పడింది, చూపు బాగుందట. హాటిబు వచ్చేది జూన్ పద్దెనిమిదో తేదీ, టాంగా నుంచి మొదటి బస్సుకి.