జీవాల పుస్తకానికి విషయసూచిక

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మార్కాపురంలో మా ప్రచురణ సంస్థ నాకొక ఈ-బుక్ పని అప్పగించింది. గొర్రెలు, మేకల జబ్బుల గురించి ఒక విశ్రాంత పశువైద్యుడు రాసిన పుస్తకమది. అప్పటికి నేను సీనియర్ లేఅవుట్ ఆర్టిస్టును. ఉద్యోగ విరమణ దగ్గర పడింది.

అచ్చు పుస్తకంలో విషయసూచిక అంటే అధ్యాయం పేరు, ఎదురుగా పేజీ సంఖ్య. ఫోనులో అక్షరాల సైజు పెంచితే పేజీలే మారిపోతాయి కాబట్టి అక్కడ సంఖ్యలు పనికిరావు. పేరు మీద నొక్కితే నేరుగా ఆ చోటికి పోవాలి. డాక్టరు గారు శీర్షికలను బోల్డు చేసి ఊరుకున్నారు. కంప్యూటరుకు అవి లావు అక్షరాలే తప్ప శీర్షికలు కావు. ఒక్కొక్కదానికీ 'ఇది శీర్షిక' అని కంప్యూటరుకు తెలిపే హెడింగ్ స్టైల్ ఇస్తేగానీ సూచిక తయారు కాలేదు.

విడుదలకు ముందు, బేస్తవారిపేట దగ్గర జీవాలు మేపుకునే మరియమ్మకు చూపించాం. ఆమె తెరను పైకీ కిందికీ జరిపి, "ఏందక్కా, అన్నీ రోగాల పేర్లే ఉండాయి. మేకకు పొట్ట ఉబ్బితే నేను ఏడ నొక్కాల?" అంది.

లక్షణాలతో సూచిక పెడదామన్నాను. డాక్టరు గారు ససేమిరా అన్నారు.

"పొట్ట ఉబ్బడానికి సవాలక్ష కారణాలమ్మా. తప్పు మందు పోస్తే జీవం పోతుంది. అట్లయితే నా పేరు తీసేయండి."

ఆయన భయం సబబైనదే. రోగాల సూచికను అలాగే ఉంచి, దానికి ముందు 'ఏం కనిపిస్తోంది?' అని ఇంకొకటి చేశాను. అందులో 'ఎడమ పక్క పొట్ట ఉబ్బింది' అని నొక్కితే మందుల దగ్గరికి పోదు. ఊళ్ళోని పశువుల డాక్టరు వచ్చేలోగా చేయవలసిన పనుల దగ్గరికి పోతుంది. అది చూసి డాక్టరు గారు మెత్తబడి, ఆ భాగాలన్నీ తానే కూర్చుని రాసిచ్చారు.

వానలు పడ్డాక మరియమ్మ ఫోను చేసింది. లేత పచ్చిమేత తిని మేక పొట్ట ఉబ్బి కూలబడబోయిందట.

"నొక్కినానక్కా. ముందుకాళ్ళు ఎత్తు మీద పెట్టి నిలబెట్టమని వచ్చింది. మా పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, అట్లనే పట్టుకోని నిలబడినా. ఆయన వచ్చినాడు, గాలి తీసినాడు. ఇప్పుడు మేస్తా ఉంది."

ఈ సంగతి చెబితే డాక్టరు గారు, "ఈసారి సూచిక ముందు మీరు చేయండి, పుస్తకం తర్వాత నేను రాస్తాను" అన్నారు. నేను పేజీలు కట్టిన పుస్తకాల్లో నా పేరు ఎక్కడా ఉండదు. ఆ సూచిక మాత్రం నాదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

విషయసూచిక కట్టేముందు, పుస్తకం తెరిచే మనిషికి ఆ క్షణాన ఏం తెలిసి ఉంటుందో కనుక్కోవాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ తర్వాత చేసిన ప్రతి ఈ-బుక్కునూ ముందు ఒక పాఠకుడి చేతికిచ్చి, పక్కన కూర్చుని చూశాను.