చేటలో మిగిలిన గింజలు

మా క్లబ్బులో అందరికన్నా పెద్ద నోరు నాదే. అరవదేశంలో మా ధర్మపురి బస్టాండు వెనక జాకెట్లు కుట్టుకునేదానికి పిట్టలతో ఏం పని అని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు "అక్కా, ఈ ఆదివారం ఎక్కడికి?" అని నన్నడుగుతారు. ఆదివారం తెల్లవారితే మేం ఏదో ఒక చెరువు గట్టు మీద ఉంటాం. పక్షుల్ని లెక్కపెడతాం, గట్ల మీద తాటి టెంకలు నాటుతాం, ఎవరింట్లోనైనా పాము దూరితే పట్టి అడవిలో వదిలి వస్తాం. మా క్లబ్బుకు పెద్ద ఒక పళ్ళ డాక్టరు. అరవం తప్ప ఇంకో ముక్క రాదు గానీ మనిషి బంగారం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. చచ్చిన పక్షి కనబడితే చేత్తో ముట్టకూడదు, ఊళ్ళో ఎవరినీ ఏమీ అడగకూడదు, ముందు ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చెయ్యాలి. అడుగుతూ కూర్చుంటే ఊరంతా ఒక్కటై సర్దేస్తుందని ఆయన భయం. ఆ మాటకు అందరికంటే గట్టిగా తలూపింది కూడా నేనే.

ఆ ఆదివారం వాళ్ళను వెల్లిచందైకి తీసుకుపోయింది నేను. అక్కడ చెరువు పక్కనే మా పెద్దమ్మ చేను ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పొద్దున పెరట్లోకి వచ్చి "బా... బా..." అని పిలిచిందంటే గోరింకలూ గువ్వలూ బిలబిలమని దిగేస్తాయి, నెమళ్ళు గట్టు దాకా వచ్చి మెడలు చాచి చూస్తాయి. "మీరు దుర్భిణీలు పెట్టుకుని వెతుకుతారు, మా పెద్దమ్మ ఊరికే నోరు తెరిచి పిలుస్తుంది, చూద్దురు రండి" అని కోతలు కోసి మరీ పిలుచుకుపోయాను. ఆడి నెల, అదే ఆషాఢం, వాన పడి నేల మెత్తగా ఉంది. ముందు రోజే చేనంతా మక్కజొన్న విత్తారు. చేను చుట్టి వచ్చి, పెద్దమ్మ ఇంట్లో రాగి సంగటి తిని, మధ్యాహ్నానికి టౌనుకు తిరిగిపోవాలని మా ఏర్పాటు.

గట్టు మలుపులో, కానుగ చెట్టు కింద, ఆడ నెమలి పడి ఉంది. దాని రెక్క పక్కనే పిల్లలు, ఇంకా ఈకలు కూడా సరిగ్గా రానివి. కాస్త అవతల గువ్వలు. ఒంటి మీద గాయం లేదు, రక్తం లేదు. "మందు పెట్టారు" అని డాక్టరు గొణిగాడు.

నా ఒళ్ళు భగ్గున మండింది. "ఏ పాపిష్టి చేతులు పెట్టినాయో, ఆ చేతులు పడిపోను!" అని అరిచాను. ఇంకెవరూ జేబులో చెయ్యి పెట్టకముందే నా ఫోన్ తీసి ఫారెస్టు ఆఫీసుకు చెప్పేశాను. ఏ ఊరు, ఎవరి చేను, అన్నీ చెప్పాను.

ఫోన్ పెట్టేశాక మేకలు తోలుకుంటూ పక్క చేనాయన వచ్చాడు. చచ్చిన నెమలిని చూసి, నా మొహం చూసి, "మీ అన్న టీకొట్లో అననే అన్నాడు. ఈ తూరి నెమళ్ళు గింజ పెళ్ళగిస్తే విషం మరుందు పెడతానని" అని తన దారిన పోయాడు.

అన్న అంటే పెద్దమ్మ కొడుకు. నా అంత కాదు గానీ అతనికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. కిందటి ఏడు నెమళ్ళు మొలకలన్నీ పీకేస్తే రెండోసారి విత్తుకున్నాడు. నెమలిని చంపితే జైలని మా క్లబ్బులో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. డాక్టరు నా వైపు చూడకుండా చెరువు వైపు చూశాడు.

పరుగులాంటి నడకతో ఇంటికి పోయాను. అన్న కొట్టంలో ఆవులకు గడ్డి వేస్తున్నాడు.

"నెమలి చచ్చిపోయింది. పిల్లలతో సహా. నువ్వేనా?"

అతని చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. "యాడ?"

"కానుగ కింద."

ఇంటి వైపు చూసి, గొంతు తగ్గించి, "అమ్మకు చెప్పొద్దు పాపా" అన్నాడు.

ఇంకేం, చేసింది ఇతనే అనుకున్నాను. నోటికొచ్చిందల్లా తిట్టాను. చేసేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకన్నాను, నా పరువు తీశావన్నాను. అతను తల వంచుకుని ఆవు మెడ నిమురుతూ నిలబడ్డాడు. వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది.

"ఏమిటికి అమ్మణ్ణీ అట్ల అరుస్తావు? మీ వాళ్ళను పిలుచుకుని రా, సంగటి ఆరిపోతాది!"

పని ఉంది, తరువాత వస్తామని చెప్పి మళ్ళీ గట్టు మీదికి పోయాను. పాలక్కోడు వైపు టమాటా తోటల్లో ఏనుగులు పడ్డాయట, ఫారెస్టు రేంజరమ్మ వచ్చేసరికి పొద్దు బాగా వాలిపోయింది. అప్పటిదాకా కానుగ నీడలో కూర్చున్నాం. డాక్టరు నీళ్ళ సీసా నా వైపు జరిపాడు. ఈగలు తోలుతూ కూర్చున్నాను. ఆ పొద్దు ఎంతకీ కదలలేదు.

రేంజరమ్మ చేతులకు తొడుగులు వేసుకుని నెమలి తల పైకెత్తింది. ముక్కులోంచి రెండు మూడు గింజలు రాలాయి. మక్కజొన్న గింజలు, రోజాపువ్వు రంగులో ఉన్నాయి. అన్నను పిలిపించింది. అతను వచ్చి, ఆమె అడగకముందే అరవంలో, "నేనే పెట్టినాను" అన్నాడు.

"దేనిలో కలిపి పెట్టావు?"

"అన్నంలో."

"అన్నం మెతుకు ఒక్కటి లేదే ఇక్కడ?"

అప్పుడు తట్టింది నాకు. ఆ రంగు గింజలు ముందు రోజు విత్తినవి. చేనులో మాత్రం ఎక్కడా గోకిన గుర్తు లేదు.

మా ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. విత్తనాలు వేశాక చేటలో మిగిలిన గింజ గడప దాటి లోపలికి రాకూడదు. అది పిట్టలది. ఇంటి ఆడమనిషి దాన్ని చేను బయట చల్లి, ఖాళీ చేట బోర్లించుకుని ఇంటికి రావాలి. చిన్నప్పుడు పెద్దమ్మ వెనకాలే నేనూ చల్లేదాన్ని. అప్పుడది ఇంట్లో దాచిన విత్తనం, తినే గింజే. ఇప్పుడు కొనుక్కొచ్చేది మందు కలిపిన రంగు పూసి వస్తుంది. అది చాలదన్నట్టు, మొలకను పురుగు కొడుతుందని అన్న ఇంకో మందు కూడా పట్టించాడు.

రేంజరమ్మ జీపు వైపు పోయి ఫోన్‌లో మాట్లాడుతుంటే అన్నను పక్కకు లాగాను.

"పొద్దున్నే తెలుసు కదా నీకు?"

"నువ్వు కానుగ కింద అన్నప్పుడే తెలిసింది. చేతులు కడుక్కోమని అమ్మకు చెప్పినాను గానీ పిట్టల సంగతి నాకు తట్టలేదు పాపా. మోటారు వేసేదానికి పోయినాను. వచ్చేసరికి చేట బోర్లించేసింది." అతను ఇంటి వైపు ఒకసారి చూశాడు. "నేను జైలుకు పోయినా తిరిగొస్తాను. ఆమెకు తెలిస్తే మళ్ళీ మనిషి కాదు. నువ్వు నోరు మూసుకో. ఈ ఒక్కసారి."

అబద్ధమెందుకు, ఆ మాట నాకు నచ్చింది. సరేనని తలూపబోయాను. అంతలో మా తలల మీదుగా గోరింకల గుంపొకటి గోలగోలగా పోయింది. సాయంత్రం మేతకు దిగే వేళ. చల్లిన గింజ ఇంకా ఎక్కడో మిగిలే ఉంటుంది కదా!

"యాడ చల్లింది?"

"నాకేం తెలుసు? పిట్టలు యాడ కూర్చుంటే ఆడ చల్లుతాది."

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని పరుగెత్తాను.

పెద్దమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఇప్పుడా వచ్చేది?" అని నిష్ఠూరంగా చూసింది.

"పెద్దమ్మా, నిన్న మిగిలిన గింజలు యాడ చల్లినావు?"

"బాయి వెనక బండ మీద. ఈ తూరి నిండా చల్లినాను." మొహం విప్పారింది. "ఆ పెట్ట పిల్లల్ని వేసుకుని వచ్చింది, అమ్మణ్ణీ! పాపం, బాలింత కదా అని ఇంకో దోసెడు ఎక్కువే వేసినాను."

ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఆ గింజలకు అన్న మందు పట్టించినాడు పెద్దమ్మా. పెట్ట చచ్చిపోయింది. పిల్లలూ పోయినాయి. తానే పెట్టినానని అన్న ఒప్పుకుంటున్నాడు, జీపెక్కిస్తారు. బండ మీద గింజ ఇంకా ఉంటే..."

చిక్కుడుకాయల చేట ఒళ్ళోంచి జారిపోయింది. ఆమె తన రెండు చేతుల వంక చూసుకుంది. పొద్దున నేను శపించింది ఆ చేతుల్నే. ఏడ్చేసింది నేను, ఆమె కాదు. ఆమె లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బావి వైపు పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా పోవడం నేనెప్పుడూ చూడలేదు.

బండ మీద గోరింకలు అప్పటికే దిగాయి. "పోండి! పోండి! తినొద్దు పోండి!" అని చేతులు ఊపుతూ అరిచింది. అవి గుప్పున లేచాయి. లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ దిగాయి. వేపచెట్టు మీదివీ దిగాయి. గువ్వలు దిగాయి. ఆమె గొంతు వినబడితే మేత ఉన్నట్టే వాటికి. పుట్టినప్పటి నుంచీ వాటికి తెలిసింది అదొక్కటే. ఆమె ఎంత అరిస్తే అంత దగ్గరికి వచ్చాయి.

ఆ సంగతి నాకన్నా ముందు ఆమెకే అర్థమైంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. తరువాత బండ మీద బోర్లా పడుకుని, పైట విప్పి గింజల మీద పరిచి, వాటి మీద తన ఒళ్ళే కప్పేసింది. నేను రాళ్ళు విసిరి పిట్టల్ని తోలాను, పిచ్చిదానిలా, ఒక్క మాట లేకుండా.

రేంజరమ్మా డాక్టరూ అన్నా పరుగున వచ్చేసరికి ఆమె అలాగే ఉంది. రేంజరమ్మ వంగింది. పెద్దమ్మ తల తిప్పి, పిట్టలకు వినబడుతుందేమో అన్నట్టు, గుసగుసగా అరవంలో చెప్పింది. "నేనమ్మా వేసింది. వాణ్ణి వదిలెయ్."

అన్నను ఆ రోజు తీసుకుపోలేదు. విత్తనాల సంచీ, గింజలు చల్లిన చేట పట్టుకుపోయారు. ఆఫీసు చుట్టూ కొన్నాళ్ళు తిప్పి, గట్టిగా హెచ్చరించి వదిలారు. ఆ సాయంత్రం మేమందరం మోకాళ్ళ మీద కూర్చుని వెలుతురు ఉన్నంతసేపూ బండ మీద గింజలు ఏరాం. డాక్టరు కూడా ఏరాడు. ఇప్పుడు విత్తనాల రోజులు వస్తే మా క్లబ్బు ఊరూరా తిరుగుతుంది, మిగిలిన గింజ చల్లొద్దు, గుంత తీసి పూడ్చండి అని చెబుతుంది. పాపారపట్టిలో, ఏరియూరులో, మనవాళ్ళ ఇళ్ళలో తెలుగులో చెప్పేది నేనే. ఎవరి కథ అని అడిగితే మాత్రం చెప్పను.

వెల్లిచందైలో పొద్దున్నే గోరింకలు ఇప్పటికీ పెరట్లోకి దిగి గోల చేస్తాయి. అవి ఎగిరిపోయేదాకా పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి రాదు. ఆ వేళప్పుడు ఇంట్లో ఎవరైనా పలకరించినా, చేత్తో సైగ చేస్తుంది గానీ నోరు విప్పదు.