వేయని రెండు బోర్లు

పన్నెండేళ్లుగా రెండు గదుల బడి ఒకటి నా గుండె మీద కూర్చుని ఉంది. కట్టడం బరువును నేల మోయగలదో లేదో చెప్పడం నా ఉద్యోగం. నేను మోయగలనో లేదో ఎవరూ పరీక్ష చేయలేదు. నోరు తెరిచి చెప్పడం మొదట మీకే.

యానాం దారిలో ఒక పల్లె. చర్చి పక్క స్థలంలో బడి కట్టాలనుకుని, బడి కమిటీవాళ్లు మట్టి పరీక్షకు నన్ను పిలిచారు. మూడు చోట్ల బోరు వేసి, లోపలి మట్టి చూసి, పునాది ఎలా ఉండాలో రాసివ్వాలి. రోడ్డు వారన ఒకటి వేశాను. గట్టి నేలే. అంతలో వాన పట్టుకుంది. లోపలి మూలకు వెళ్లాలంటే మోకాలి లోతు బురద.

తాపీమేస్త్రీ అబ్బులు గొడుగు తెచ్చి నా మీద పట్టాడు.

"ఆ మూల రొయ్యల చెరువుండేదండి. పూడ్చేసి పైన గ్రావెల్ పోశారంతే. అక్కడ కూడా ఓసారి దింపి చూడండి బాబూ."

"చదువుకున్నది నువ్వా నేనా, మేస్త్రీ?"

"మీరేనండి. ఆ చెరువులో దిగింది మాత్రం నేనండి."

నవ్వాను. భలే అన్నాడే అనుకున్నాను కూడా. మంచి మాటలంటే నాకిష్టం. వినడం వరకే.

మిగతా రెండు బోర్లూ ఆఫీసులో, ఫ్యాను కింద కూర్చుని వేశాను. మొదటి బోరు అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చాను, మరీ ఒకేలా ఉంటే బాగుండదని. మామూలు పునాదులు చాలని రాసి ముద్ర కొట్టాను. నిజానికి ఆ మూలకు కావలసింది పైల్స్, గట్టి నేల తగిలేదాకా లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు.

రెండో వానాకాలానికి మూల కుంగింది. గోడ చెయ్యి దూరేంత బీటిచ్చింది. ఆ వేళ బడికి సెలవు. అది నా గొప్పతనం కాదు.

కారణం చెప్పమని కమిటీవాళ్లు మళ్లీ నన్నే పిలిచారు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. నేను నోరు విప్పకముందే ఒకాయన, అబ్బులు సిమెంటు మింగేశాడన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. ఒక్కరైనా నా రిపోర్టు తెరిచారా? ముద్ర ఉన్న కాగితం అబద్ధమాడదట, చేతికి సిమెంటు అంటినవాడు మాత్రం దొంగట. వాళ్ల మీద నాకింత కోపమేమిటి? వాళ్లు నమ్మింది నన్నే కదా?

చెరువు సంగతి ముందే చెప్పానన్నాడు అబ్బులు. అందరూ నా వైపు తిరిగారు. మేస్త్రీగారూ, నాకు గుర్తు లేదండి, అన్నాను. అతన్ని గారు అన్నది ఆ ఒక్కసారే.

తరువాత ఆ చుట్టుపక్కల అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. కొవ్వూరులో ఇంకో మేస్త్రీ కింద ఇటుకలు మోస్తున్నాడని విన్నాను. నేనుండేది రాజమండ్రి. వంతెన దాటితే కొవ్వూరు. పన్నెండేళ్లలో దాటలేనంత పెద్ద వంతెనేమీ కాదు.

నిన్న కమిటీకి ఉత్తరం పంపాను. రెండు బోర్లు నేను వేయలేదు. అబ్బులు నన్ను హెచ్చరించాడు. అతను దొంగ కాదు, అబద్ధమాడింది నేను. నకలు అబ్బులుకీ పంపాను. క్షమించమని రాయలేదు. అడిగితే "పర్లేదండి" అనేస్తాడు, మా వైపు మర్యాద అలాంటిది. ఆ మాట నాకు దక్కకూడదు.

పోస్టులో వేశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. అందుక్కూడా సిగ్గేసింది.