మేట్ గారి పేరుకి స్పెల్లింగు

రెండువేల రెండు ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్న నేను రాజమండ్రి నుంచి నరసాపురం బయల్దేరడానికి కారణం ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. ఆ మాటకి స్పెల్లింగు రాసిచ్చి రావాలి. "ఫోనులో చెప్పేస్తే పోయేదానికి అంత దూరం ఎందుకండీ?" అంది మా ఆవిడ. ఫోనులో చెప్పాలంటే ముందు ఆ మాటేమిటో నాకు తెలియాలి కదా!

మా కాలేజీ ఆఫీసులో ఎం. ప్రసాదరావు అనే గుమాస్తా ఉన్నాడు. ఆ 'ఎం' ఇంటిపేరేనని ఇన్నేళ్ళూ అందరం అనుకున్నాం. కాదని ఆ వారమే నాతో చెప్పాడు. "మేటు ప్రసాదరావండి నా పూర్తి పేరు. యుద్ధంలో మా నాన్నగారిని కాపాడిన ఆస్ట్రేలియా సోల్జరు పేరండి అది. చిన్నప్పుడు బళ్ళో తెగ ఏడిపించేవారండి, ఒరేయ్ మేటూ, ఈవేళ ఎన్ని తట్టలు మోయించావురా అని." రోడ్డు పనుల్లో కూలీల ముఠాకి పెద్దని మన వైపు మేటు అంటారు. పిల్లలు ఊరుకుంటారా మరి!

ప్రసాదరావు తండ్రి సత్యానందం గారికి ఎనభై దాటాయి. ఆ సైనికుడు రెండో ప్రపంచ యుద్ధంలో మలయాలో చనిపోయాడు. ఏటా ఆయన పేరున ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించి, పదిమందికి భోజనాలు పెడతారట. ఇప్పుడు తమ ఊరి చర్చి సమాధుల తోటలో ఆయన పేరు చెక్కిన రాయి నిలబెట్టాలని ముసలాయన కోరిక. రాయి వచ్చింది, చెక్కే మనిషీ కుదిరాడు. పేరు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలట. "మీరొచ్చి నాన్నగారి నోటివెంట ఆ పేరు విని, అక్షరాలు రాసిపెట్టండి సార్, తప్పు పడకూడదని ఆయన బెంగ" అని ప్రసాదరావు బతిమాలాడు. అది మాథ్యూ అయ్యుంటుంది, మన నోట్లో పడి మేటు అయిందని నా అనుమానం. ముప్పై ఏళ్ళుగా కుర్రాళ్ళ తప్పులు దిద్ది బతికినవాణ్ణి, తప్పు ఉందంటే ఆగలేను. ఒప్పుకున్నాను.

ప్రసాదరావు ముందురోజే వెళ్ళిపోయాడు. నేను ఆరున్నర పాసింజరు ఎక్కాను. గోదావరి వంతెన మీద మంచు ఇంకా విడలేదు, కింద నీళ్ళు కనబడలేదు. నిడదవోలులో దిగి ఇడ్లీ తిని, నరసాపురం బండి మారాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు నిడదవోలులోనే ఏదో ఒకటి తినేయడం మంచిది. ఆ తరవాత బండి ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది, కానీ తినడానికి దొరికేది వేరుశనక్కాయలే.

భీమవరం దాటాక నా ఎదురుగా ఒకామె వచ్చి కూర్చుని, సంచిలోంచి తెల్లదారమూ కొక్కెం సూదీ తీసి లేసు అల్లడం మొదలుపెట్టింది. చేతుల వైపు చూడకుండానే అల్లుతూ, ఏ ఊరు, ఎవరింటికి అని నన్ను అన్నీ ఆరా తీసింది. ఒక పేరుకి స్పెల్లింగు చెప్పడానికి వెళ్తున్నానన్నాను.

"మంచి పనేనండి. పేరు తప్పు పడితే ఇంకంతే. మా రేషను కార్డులో నా పేరు మరియమ్మ బదులు మారెమ్మ అని పడిందండి. మార్చండి బాబూ అని వెళ్తే, అదీ దేవత పేరే కదమ్మా అంటాడు ఆ ఆఫీసాయన" అంది. చుట్టుపక్కల అందరం నవ్వాం. నాకైతే వెళ్తున్న పని మీద గౌరవం కూడా పెరిగింది.

నరసాపురం చేరేసరికి పదకొండు. స్టేషను నుంచి రేవుకి ఆటోలో వెళ్ళాను. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన పంటు మీద మోటారుసైకిళ్ళు, పాలక్యాన్లు, ఒక పెళ్ళివారి బ్యాండు మేళం, నేను. వసిష్ఠ ఆ చోట ఎంత వెడల్పంటే, అవతలి కొబ్బరిచెట్లు గట్టుమీద గీసిన గీతలా ఉంటాయి. సఖినేటిపల్లి రేవులో ప్రసాదరావు స్కూటరుతో నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి వాళ్ళ ఊరు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

సత్యానందం గారు అరుగుమీద కుర్చీలో, తెల్లచొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే కర్ర పక్కనపెట్టి లేచి నిలబడ్డారు. "వందనాలు మేష్టారండి. ఎంత దూరం రప్పించానండి మిమ్మల్ని!" అన్నారు. నాకు కుర్చీ వేయించి, నేను కొబ్బరినీళ్ళు తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు. నేను కాగితమూ పెన్నూ తీసి పెట్టుకున్నాను.

"మాది రోడ్లూ వంతెనలూ వేసే దళమండి. జపానువాళ్ళు వెంటబడితే, వెనక్కి వస్తూ ఆ వంతెనలు పేల్చే పని కూడా మాదేనండి. సింగపూరు ఇంకా పడిపోలేదు. మలయాలో ఒక వంతెన దగ్గర మాకు కాపలాగా ఆస్ట్రేలియావాళ్ళని పెట్టారు. అందులో ఒకాయన్ని తోటివాళ్ళు మేట్, మేట్ అని పిలిచేవారండి. ముందు నేను వాళ్ళ ముఠాకి మేటు కాబోలనుకున్నాను. చేతిమీద చూస్తే హోదా పట్టీ లేదు, వట్టి సిపాయి. మేటు కాకపోతే మరి పేరే కదండీ?"

"అవునండి" అన్నాను. నా పెన్ను అప్పటికే కాగితం మీద ఆగిపోయింది.

"మంచి నవ్వు మొహమండి ఆయనది. నేను కనబడ్డప్పుడల్లా 'మేట్' అని చెప్పేవాడు. మాటిమాటికీ తన పేరు చెప్పుకోవడం వాళ్ళల్లో మర్యాదేమో అనుకుని, నేనూ గుండెమీద చెయ్యేసుకుని 'సత్యానందం' అనేవాణ్ణి. పకపకా నవ్వేవాడండి."

ప్రసాదరావు భార్య గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఆ కథ ఆ ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్నదని, అక్కడ నవ్వడం అలవాటని తెలుస్తూనే ఉంది.

"ఒకరోజు నా కాల్లో గుండు ముక్క దిగిందండి. కాలవగట్టున పడిపోయాను. మావాళ్ళు లారీల్లో వెళ్ళిపోయారు. ఆయన వచ్చి నన్ను వీపునేసుకుని రబ్బరు తోటల్లోంచి మోశాడండి. దారిపొడుగునా మేట్, మేట్ అంటూనే ఉన్నాడు. ఇంత కష్టంలో కూడా పేరు చెప్పుకుంటాడేంటి ఈయన అని నవ్వొచ్చింది నాకు. సీసాలో మిగిలిన నీళ్ళు నాకే పట్టాడు. మర్నాడు మేమున్న చోట బాంబు పడిందండి. నాకేం కాలేదు. ఆయన్ని ప్రభువు పిలుచుకున్నాడు."

ఆ ఆస్ట్రేలియావాళ్ళ దళం అప్పటికే సింగపూరు వైపు వెళ్ళిపోయిందట. ఈయనా, వెనకబడిన మరో మనదేశపు సిపాయీ కలిసి రబ్బరుచెట్ల మధ్య గొయ్యి తీసి పూడ్చారట. పెట్టె చెక్క ఒకటి పాతి, దానిమీద బొగ్గుతో తెలుగులో 'మేట్' అని రాశారట. ఆ తరవాత సింగపూరూ, జైలూ, యుద్ధం ముగిశాక ఇల్లూ.

"వాళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వస్తే తెలుగు ఎలా చదువుతారండీ? ఆ బాధ నన్ను ఇన్నేళ్ళూ తినేసింది. అందుకే ఇక్కడైనా ఇంగ్లీషులో ఉండాలంటున్నాను" అన్నారు సత్యానందం గారు.

సైనికుల మెడలో పేరున్న బిళ్ళ ఉంటుంది కదా అని అడిగాను. "ఉందండి. తియ్యలేదు. ఎవరైనా తవ్వితే ఎవరో తెలియాలి కదా అని దాంతోనే పూడ్చాం" అన్నారు.

మాథ్యూ కాదు. అసలు పేరే కాదు. ఆస్ట్రేలియావాళ్ళు ఒకరినొకరు, దారినపోయేవాణ్ణి కూడా, అలాగే పిలుచుకుంటారు. ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పి కూడా నాకు ముందే తట్టలేదేమని నామీద నాకే చిరాకు వేసింది. కాస్త అటూ ఇటూ తిరిగొస్తానని వంక పెట్టి, ప్రసాదరావుతో కలిసి చర్చి దగ్గరికి నడిచాను. సమాధుల తోటలో రాళ్ళు చెక్కే వీర్రాజు నల్లరాయి కడిగి, ఉలీ సుత్తీ ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. అతనికి దూరంగా నిలబడి ప్రసాదరావుకి ఉన్నమాట చెప్పేశాను.

అతని మొహం పాలిపోయింది. తన పేరు కూడా అదేనన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"చెప్పకండి సార్. స్పెల్లింగు రాసిచ్చేయండి, చాలు. ఈ వయసులో ఆయనకి ఇది అక్కర్లేదండి" అన్నాడు.

నిజమే. స్పెల్లింగైతే అదే కదా, అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. సరేనన్నాను. తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నాం. రొయ్యల ఇగురు, గోంగూర పచ్చడి, గట్టిపెరుగు. రుచి ఎలా ఉందో రాయాలని ఉంది కానీ, నిజానికి నాకు తెలియలేదు. కాగితం మీద నాలుగు ఇంగ్లీషక్షరాలు పెద్దవిగా రాసి సత్యానందం గారి చేతికిచ్చాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ చదివారు.

"మా పేర్లకి అర్థాలుంటాయి కదండీ. వాళ్ళ భాషలో దీనికేమైనా అర్థం ఉందాండి? ఇంతకాలం అడగడానికి ఎవరూ లేకపోయారు" అన్నారు.

ప్రసాదరావు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ముసలాయన కళ్ళు మాత్రం నామీదే ఉన్నాయి. తప్పించుకోలేకపోయాను. "స్నేహితుడా అని అర్థమండి. అది పేరు కాదండి, పిలుపు. వాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు" అని చెప్పేశాను.

ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకుని, దాన్ని అరచేత్తో సాపుచేస్తూ కూర్చున్నారు.

"అయితే ఆయన పేరు చెప్పుకోలేదన్నమాట" అన్నారు చివరికి. "నన్నే పిలిచాడు."

"అవునండి."

"మోసుకెళ్తున్నప్పుడు కూడానా?"

"అప్పుడు కూడానండి."

"నేను పలకలేదండి. మళ్ళీ మళ్ళీ నా పేరే చెప్పాను. పూడ్చేటప్పుడు ఆ బిళ్ళ నా చేతిలోనే ఉందండి. ఇంగ్లీషక్షరాలు కూడబలుక్కోగలిగేవాణ్ణి అప్పటికే. పేరు తెలుసు కదా అని చూడలేదండి. తిప్పి చూసుంటే చాలు, ఆయన పేరు నాకు దక్కేది. ఇన్నేళ్ళు ప్రార్థనలో నేనెవరి పేరెత్తినట్టండీ? దేవుడికైనా తెలిసుంటుందంటారా?"

"తెలిసే ఉంటుందండి" అన్నాను. ఆ బిళ్ళ ఆయనతోనే ఉంది కాబట్టి తరవాత వాళ్ళవాళ్ళు తవ్వి, గుర్తుపట్టి, మంచి సమాధే కట్టి ఉంటారని కూడా అన్నాను. "అయ్యుండొచ్చండి" అన్నారాయన, నన్ను నొప్పించడం ఇష్టంలేనట్టు.

సాయంత్రం కర్ర పట్టుకుని ఆయనే వీర్రాజు దగ్గరికి నడిచారు. మానేద్దామంటారనుకున్నాను. మానలేదు. "ఇది పేరు కాదంట వీర్రాజూ. అయినా ఇదే చెక్కు. వాళ్ళవాళ్ళెవరైనా వస్తే ఆయన్ని ఇక్కడ ఒకడు ఇలా పిలిచాడని తెలుస్తుంది. కింద తెలుగులో నా పేరు చెక్కు" అన్నారు. ఆ రాత్రి నేను వాళ్ళింట్లోనే పడుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అయ్యగారు ప్రార్థన చేసి రాయి నిలబెట్టారు. ప్రార్థనలో పేరు చెప్పాల్సిన చోట అయ్యగారు ఒక క్షణం తడబడి, "నీకు తెలిసిన నీ బిడ్డ" అన్నారు. సత్యానందం గారు గట్టిగా ఆమెన్ అన్నారు.

తిరుగుదారిలో నేనూ ప్రసాదరావూ రేవుకి వెళ్ళలేదు. రాజోలు వెళ్ళి రాజమండ్రి బస్సెక్కాం. సీట్లు దొరికాయి. నది మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడక్టు మీదుగా వస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నాకు బాధగానే ఉంది. ఒక తప్పు దిద్దడానికి వెళ్ళాను, దిద్దాను. ఆ తప్పుతోనే ఆ ఇల్లు ఇన్నేళ్ళు ఒక మనిషిని తల్చుకుంది. ఇప్పుడు తప్పు లేదు, మనిషీ లేడు. ఆయన పేరు నాకూ తెలియదు, అది తెలిసినవాళ్ళెవరో కూడా తెలియదు.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే, చర్చి వెనక కొబ్బరిచెట్ల కింద కొత్త నల్లరాయి ఒకటి కనబడుతుంది. దాని కింద ఎవరూ లేరు. పైన ఉన్నది పేరనుకుని మాత్రం వచ్చేయకండి.

రావులపాలెం దాటాక ప్రసాదరావు నోరు విప్పాడు. "సార్, ఇంట్లో నన్ను ఎప్పుడూ మేటూ అనే పిలుస్తారండి నాన్నగారు. ఇందాక బయల్దేరేటప్పుడు ఏదో చెప్పబోయి, ఒరే అని ఆగిపోయారు. తరవాత ప్రసాదూ అన్నారు."

నేను కిటికీ వదిలి అతనివైపు తిరిగాను.

"ఎందుకు నాన్నా ప్రసాదూ అన్నావు అని అడిగానండి. ఆ పిలుపు ఆయనదిరా, నేనింకా ఆయనకి బదులు పలకలేదు, ఇంకెవర్నీ మేటూ అనను అన్నారండి."

అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. బస్సు గోదావరి వంతెన ఎక్కింది.