కూర్మయ్య గొంతు, వైకుంఠరావు అద్దాలు

ఒడిశాలోని బరంపురంలో తెలుగు సభ జరిగిన ప్రతిసారీ వేదిక మీద కుర్చీలు మారేవి గానీ, వెనుక తెర చాటున పీట మాత్రం మారేది కాదు. ఆ పీట కూర్మయ్యది. మార్కండి దాటాక సముద్రపొడ్డున ఉన్న నూకాలపేట అతని ఊరు. వలలు అల్లి బతికేవాడు. వయసులో ఉండగా పద్యనాటకాలకు తెర వెనుక నుంచి మాట అందించేవాడు. రాజు వేషగాడు తాగొచ్చి పద్యం మరిచిపోతే, రాజ్యాన్ని నిలబెట్టింది కూర్మయ్య గొంతే. నాటకాలు పోయి ఉపన్యాసాలు మిగిలాయి. రాజులూ మిగిలారు.

ఇప్పటి రాజు వైకుంఠరావు. లంజిపల్లిలో సిమెంటు వ్యాపారి, తెలుగు సంఘానికి పదకొండేళ్లుగా అధ్యక్షుడు. ఏటా మాతృభాషా దినం నాడు గంటసేపు కంటతడితో మాట్లాడతాడు. తడి ఆయనది, మాటలు కూర్మయ్యవి. చెవిన పడ్డ మాట నోటికొచ్చేదాకా ఆయనలో ఎక్కడా ఆగదు. ఒకసారి కూర్మయ్యకు పొలమారి, పక్కవాణ్ణి "మంచినీళ్లు" అని అడిగాడు. "మంచినీళ్లు!" అని వేదిక మీద ఈయన గర్జించాడు. జనం చప్పట్లు కొట్టారు.

అధ్యక్షుడికి మతిమరుపని అందరూ అనుకునేవారు. అసలు సంగతి కూర్మయ్య ఒక్కడికే తెలుసు. ఒడియా బళ్లో చదివిన వైకుంఠరావుకు తెలుగు అక్షరం రాదు. అది నేరమేమీ కాదు. పక్కన తెలుగు బడి లేనివాడు ఏం చేస్తాడు? రాదని ఒప్పుకోకుండా ఆ అక్షరాల పేరుతో దండలు వేయించుకోవడమే నేరం.

ఆ ఏడు సభకు విద్యాశాఖ పెద్దాయన ఒకరు వస్తున్నారని తెలిసి, కూర్మయ్య అధ్యక్షుడి దుకాణానికి వెళ్లాడు.

"బాబుగారూ, మా బళ్లో తెలుగు పంతులు దిగిపోయి ఆరేళ్లయింది. నలబై మంది పిల్లలకి అచ్చరం ముక్క లేదు. ఆ పెద్దాయనతో ఒక్క మాట సెప్పండి."

"అతిథిని పిలిచి అడుక్కుంటామేటి కూర్మయ్యా? బాగోదు. భాష గొప్పతనం చెప్పుకుంటే చాలు. అన్నట్టు, ఈసారి నువ్వు రానక్కర్లేదు. మాటలు రాసి చూపించే మిషను తెస్తన్నాం."

మిషను ఎంపిక అప్పటికే అయిపోయింది. కార్యదర్శి జగ్గారావుతో కలిసి ఆయన కటకం వెళ్లి చూసొచ్చాడు. వేదిక అంచున నేల మీద పెట్టే టీవీలాంటిది చూపిస్తే, "అధ్యక్షుడు తల దించుకుంటే ఏం బాగుంటుంది?" అన్నాడు జగ్గారావు. చెవిలో పెట్టుకునేది చూపిస్తే, చెవుడనుకుంటారని వద్దన్నారు. చివరికి మైకుకు అటూ ఇటూ కర్రల మీద నిలబడే రెండు అద్దాలు నచ్చాయి. మాటలు మాట్లాడేవాడికే కనిపిస్తాయి, జనానికి ఉత్త అద్దమే. పైగా ఫొటోలో దేశాధినేతలా పడతాడు. కొట్టువాడు అద్దంలో ఒడియా వార్తలు నడిపిస్తే వైకుంఠరావు గడగడా చదివేశాడు. ఆ అద్దంలో ఏదొచ్చినా ఒడియా లిపిలోనే వస్తుందని నిశ్చింతగా ఇంటికొచ్చాడు.

సంగతి విని కూర్మయ్య భార్య బుల్లమ్మ నిప్పులు చెరిగింది. "ఇన్నేళ్లు ఆయన నోట్లో మాటెట్టావు. మన బడి మాట ఒక్కటి ఎట్టలేకపోయావేటి? ఎల్లు, ఎల్లి ఆ అద్దాలకి దణ్ణమెట్టుకో!"

రమ్మనకపోయినా సభనాడు కూర్మయ్య వెళ్లాడు. కాళ్లు అలవాటుగా పీట దగ్గరికే తీసుకెళ్లాయి.

వైకుంఠరావు లేచి "సోదర సోదరీమణులారా" అన్నాడు. అది కంఠతా వచ్చు. తర్వాత కుడి అద్దం చూశాడు, ఎడమ అద్దం చూశాడు. విశాఖ నుంచి పిలిపించిన ఆపరేటరు ఉపన్యాసమంతా ముత్యాల్లాంటి తెలుగు లిపిలో పెట్టాడు. అధ్యక్షుడి మౌనం చూసి, కళ్లు ఆనడం లేదేమోనని అక్షరాలు పెద్దవి చేశాడు. రానివాడికి గుమ్మడికాయంత రాస్తే మాత్రం వస్తుందా?

సభలో గుసగుసలు మొదలయ్యాయి. వైకుంఠరావు మైకు మూసి, వెనక్కి వాలి, "కూర్మయ్యా, ఉన్నావేటి?" అన్నాడు.

"ఉన్నాను బాబూ."

అందింపు మొదలైంది. తేనె, తల్లిపాలు, ఏటా వచ్చే పోలికలన్నీ వచ్చాయి. అధ్యక్షుడి గొంతు లేచింది, కళ్లు తడిశాయి. అప్పుడు కూర్మయ్య పీట కాస్త ముందుకు జరుపుకుని, అదే గుసగుసతో సాగించాడు.

"నూకాలపేట బళ్లో ఆరేళ్లుగా తెలుగు పంతులు లేడు!" గర్జించాడు వైకుంఠరావు. "నెల తిరిగేలోగా పంతుల్ని వెయ్యకపోతే, ఆఫీసు మెట్ల మీద నేనే కూర్చుంటాను!"

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కానీ హాలంతా లేచి నిలబడింది. బరంపురంలో పెరిగి తెలుగు తెలిసిన ఆ పెద్దాయన మైకు అందుకుని, "మీకు మెట్లెక్కే కష్టం రానివ్వం" అని అందరి ముందూ మాటిచ్చాడు.

సభ అయ్యాక తెర వెనుకకు దూసుకొచ్చాడు అధ్యక్షుడు. "నా నోట్లో ఏటి పెట్టావురా?"

"ఇన్నేళ్లూ ఎట్టిందే బాబూ. మాట."

ఇంకేదో అనబోయేంతలో అభిమానులు దండలతో వచ్చారు. ఆయన ఆ కోపాన్ని అక్కడే మింగి మెడ వంచాడు.

నెల తిరక్కుండానే పంతులమ్మ వచ్చింది. కొత్త తరగతి ప్రారంభానికి వైకుంఠరావు ఫొటోగ్రాఫరుతో సహా దిగాడు. పంతులమ్మ సుద్దముక్క చేతికిచ్చి, "తమరే మొదటి అక్షరం రాయాలి" అంది. నలభై జతల కళ్లు ఆయన చేతి మీద నిలిచాయి. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి కూర్మయ్య వైపు చూశాడు.

మాటైతే చెవిలో అందించవచ్చు. అక్షరాన్ని అందించేదెలా?

కూర్మయ్య దగ్గరికెళ్లి, ఎవరికీ వినపడకుండా అన్నాడు: "కూకోండి బాబూ. పిల్లల పక్కన సోటుంది."

చెవిన పడ్డ మాట ఆయనలో ఎప్పుడూ ఆగదు కదా. కూర్చున్నాడు.